బాన్సువాడ నుంచి డోంగ్లి దాకా, ఒక్క మాట కోసం

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. ‘ల’కూ ‘ళ’కూ, ‘శ’కూ ‘ష’కూ తేడా ఇప్పటికీ ఆగి ఆలోచిస్తే గాని తెలియదు. నేను కాగితం మీద రాసి ఇస్తే, బస్టాండు ఎదుట జిరాక్స్ దుకాణం నడిపే సునీతమ్మ టైపు చేసి ఈ బ్లాగులో పెడుతుంది. కొన్ని తప్పులు ఆమె దిద్దుతుంది. కొన్ని ఆమెకూ దొరకవు. వాటిని మీరే దిద్దుకుని చదవండి.

కొత్తగా చదువుతున్నవారి కోసం రెండు మాటలు. నేను ఉద్యోగం చేసింది కాలువ మీద, లష్కరుగా. లష్కరంటే సిపాయి అనుకునేరు. నిజాంసాగర్ కాలువ తూములు తెరిచి మూసేవాణ్ణి మావైపు లష్కరు అంటారు. నీళ్లు వచ్చే దాకా గట్టు మీద కూర్చుని చూడాలి. ఊరికే కూర్చోలేక చదవడం మొదలుపెట్టాను. చదివి చదివి రాయడం పట్టుకుంది. ఇప్పటికి ఐదు నవలలయ్యాయి. తెల్లవారకముందే లేచి రెండు గంటలు రాస్తాను. పది గంటలకు గ్రంథాలయం తలుపు తీయగానే పోయి పన్నెండింటి దాకా చదువుతాను. చుట్టుపక్కల ఎక్కడ నాటకం ఉందన్నా బస్సెక్కుతాను. చూసింది ఇక్కడ రాస్తాను, మీలో ఎవరికైనా అటు పోవాలనిపిస్తే దారి తెలుస్తుందని. రాయడం వరకు పరవాలేదు గాని, మాట్లాడటం నాకు రాదు. నలుగురు కూర్చున్న చోట నా నోరు పెగలదు.

అలాంటి నన్ను మాట్లాడటానికే రమ్మన్నారు. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న డోంగ్లిలో నాగనాథ్ అని ఒకాయనకు పిండి గిర్ని ఉంది. జొన్నలు పట్టడం ఆయన బతుకుతెరువు, నాటకాలు వేయడం ఆయన పిచ్చి. నా నాలుగో నవల చదివి, గంటన్నర నాటకంగా కుదించి, ఊరివాళ్లతోనే వేయిస్తున్నాడు. మొన్న గురువారం పొద్దున్నే ఫోను చేశాడు. వెనుక గిర్ని చప్పుడు.

“కాకా, ఆదివారం నాటకం. అంత తయారుంది. గని శాంతాబాయి వేషం కట్టే రుక్మిణిబాయి ఆఖరు మాట అంటలేదు.”

“అంటలేదా?”

“అనదట. గా మాట కాడికి రాంగనే నోరు మూసుకుంటుంది. వేరే మాట వెట్టుమంటుంది. నేనెట్ల వెడుత, పుస్తకం మీదాయె. మీరొచ్చి ఆమెకు చెప్పుండ్రి. మీరు రాకుంటె గా మాట లేకుండనే పరదా దించుత.”

ఆ మాట ఏమిటో చెబుతాను. నవలలో శాంతాబాయి మరాఠీ మనిషి. డోంగ్లి వైపు నుంచి కాలువ కింది పొలాల్లో పనికి వచ్చి, అక్కడే నిలిచిపోయిన కుటుంబానికి కోడలు. ఆ ఇంట్లో పడరాని మాటలు పడి పడి, ఆఖరికి ఒకరోజు మూట నెత్తిన పెట్టుకుని గడపలో నిలబడుతుంది. అత్తను చూసి మరాఠీలో ఒక్క మాట అంటుంది: “జాతే.” పోతున్నాను అని. దాని కింద నేను రాసిన వాక్యం, “ఎవరూ పలకలేదు.” నవల అక్కడితో అయిపోతుంది. గడప దాటేటప్పుడు మనవైపు ‘పోతున్న’ అనరు, ‘పోయొస్త’ అంటారు. అది తెలిసే ఆ మాట పెట్టాను. ఆమె ఇక రాదని చదివేవాళ్లకు తెలియాలి. ఆ ఒక్క మాట కోసం రెండు వందల పేజీలు రాశానంటే అబద్ధం కాదు.

పైగా అదే వారం ఆ నవల రెండో ముద్రణకు ప్రూఫులు వచ్చాయి. సోమవారం దిద్ది పంపాలి. అన్నీ దిద్దాను, ఆఖరి పేజీ ఒక్కటి ఆపి, మడిచి జేబులో పెట్టుకున్నాను. డోంగ్లి మనిషి నోట నిలబడని మాట పుస్తకంలో ఎలా నిలబడుతుంది అన్న గుబులు పట్టుకుంది. ఆమెను ఒప్పిస్తే నా నవల నిలుస్తుంది. ఒప్పించలేకపోతే దాని చివర ఊడిపోతుంది.

ఆదివారం పొద్దున మా ఇంటామె రాజవ్వ జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం గుడ్డలో కట్టి ఇచ్చింది.

“ఏం చెప్తవ్ ఆమెకు?” అంది.

“చూస్త.”

“చూసుడు గాదు, చెప్పుడు. పెండ్లిచూపులకు వచ్చిన్నాడు గూడ చూసుడే చేసినవ్. మీ అన్ననే మాట్లాడిండు అంత.”

నేను చెప్పులు తొడుక్కున్నాను.

బాన్సువాడ బస్టాండులో బిచ్కుంద బస్సు ఏడుంబావుకు దొరికింది. ఆదివారం కాబట్టి కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా, బస్సంతా వాళ్లే. నాకు నలభై రూపాయలు తీసుకున్నాడు కండక్టరు. “గీ బస్సుల పైసలిచ్చేటోడివి నువ్వొక్కనివే తాతా, మర్యాదగ చూడాలె నిన్ను,” అన్నాడు. బస్సులో నవ్వారు. ఒకామె సంచి ఒళ్లో పెట్టుకుని నాకు చోటిచ్చింది. మాట తీరును బట్టి కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి చేసుకుంటున్న వాళ్ల మనిషని తెలిసింది. యాసంగి నాట్లు నడుస్తున్నాయి. ఊరు దాటగానే రెండు పక్కలా నీళ్లు నిలిచిన మళ్లు, వాటిలో వంగిన వీపులు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ నీళ్లు చూస్తే భయం, ఎవరి మడికి తక్కువైందోనని. ఇప్పుడు చూడటానికి హాయిగా ఉంది.

రుక్మిణిబాయికి చెప్పాల్సింది మనసులో అప్పజెప్పుకుంటున్నాను. పెదవులు కదిలాయేమో, పక్కనున్నామె అడిగింది.

“ఏం జపమండీ?”

దాచలేక చెప్పాను. నాలుగు ముక్కల్లో కథంతా చెప్పి, ఆ మాట కూడా చెప్పాను. ఆమె ఒళ్లోని సంచి సర్దుకుంది.

“కోపంలో మనిషి ఏదైనా అంటుందండీ. మీరు రాసిందే ఉంచండి. నేనూ ఒకసారి అన్నాను మా ఆయన్ని, పోతున్నాను, ఇక రాను అని.”

“తరువాత?”

“మధ్యాహ్నానికల్లా వచ్చేశాను. ఆకలేసింది.”

మంజీర వంతెన దాటాక ఆమె దిగిపోయింది. అటువైపు నేల నల్లబడుతుంది, వరి తగ్గి శనగ, కంది మొదలవుతాయి. నాకు ధైర్యం వచ్చింది. ఒక ఆడమనిషి నా పక్షాన ఉంది.

బిచ్కుందలో దిగేసరికి ఎనిమిదిన్నర. మద్నూర్ బస్సుకు అరగంట ఉంది. బస్టాండు బయట ఇడ్లీ బండి ఉంది గాని, నేను రొట్టె విప్పుకుని, ఒక చాయ్ తీసుకుని తిన్నాను. చుట్టూ పల్లెల వాళ్లు కూరగాయలు, ఎండుమిర్చి గోనెలతో దిగుతున్నారు. మీరు పోయేటట్టయితే ఇక్కడే తినండి, ముందు తీరుబడి దొరకదు. మద్నూర్ చేరేసరికి పది దాటింది. అక్కడి నుంచి మాట మారుతుంది. పెద్ద రోడ్డు మీద లారీలు ఒకదాని వెనుక ఒకటి మహారాష్ట్రకు పోతుంటాయి. చాయ్ దుకాణంలో ఒకే మనిషి సగం తెలుగు, సగం మరాఠీ మాట్లాడతాడు. డోంగ్లికి షేర్ ఆటోలు రోడ్డు పక్కనే ఉంటాయి, మనిషికి ముప్పై. తొమ్మిది మంది నిండితే గాని కదలవు. ఒక ఆటో నిండబోతోంది. డ్రైవరు ఎవరికో ఫోనులో “డోంగ్లీలా జాతో, డోంగ్లీలా” అంటున్నాడు. ‘జాతే’నే మగవాళ్లు అలా అంటారు. నా చెవులు నిక్కాయి. ఆయన పక్కనే కూర్చున్నాను.

“అన్నా, జాతో అంటే తప్పా?”

“తప్పేంది తాతా? పోతున్న గదా. జాతో అనక ఇంకేమంట?”

జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నాను: ‘ఆటో అన్న. జాతో. తప్పు లేదు.’ ఇంకేం కావాలి, సాక్ష్యం దొరికింది. డోంగ్లి దాకా గాలి చల్లగా తగిలింది. దారి పక్కన శనగ చేలు కాయ పట్టి ఉన్నాయి. ఆటోలో ఒక అవ్వ పచ్చి శనగ కొమ్మ ఇస్తే ఒలుచుకు తింటూ పోయాను.

నాగనాథ్ గిర్ని దగ్గరే దిగాను. మనిషికి కనుబొమ్మలు, చెవులు పిండితో తెల్లగా ఉన్నాయి. చేతులు దులుపుకుని కాళ్లు మొక్కబోతే పట్టుకున్నాను. వాళ్లింట్లో భోజనం. ఆయన భార్య జొన్నరొట్టె, ఝుణ్కా పెట్టింది. ఝుణ్కా అంటే శనగపిండి పోపులో వేసి గట్టిగా ఉడికించింది. పచ్చిమిర్చి దంచి వేస్తారు. రెండు రొట్టెలు తినేవాణ్ణి నాలుగు తిన్నాను. “రాసేటోళ్లు తక్కువ తింటరంటరు గదా,” అని ఆమె లోపల మొగుడితో అనడం వినబడింది.

నాటకం మధ్యాహ్నం మూడింటికి. పగటిపూట నాటకమేమిటని అడిగితే నాగనాథ్, “ఐదింటికి బర్లు పాలకొస్తయ్ కాకా. అటెంక రాజు వేషం కట్టినా ఎవ్వడు కూసోడు,” అన్నాడు. బడి వరండాయే రంగస్థలం. రెండు పాత దుప్పట్లు కలిపి కుట్టి పరదా చేశారు. అక్కడ వరండా మెట్టు మీద కూర్చుని పరదా అంచు కుడుతోంది రుక్మిణిబాయి. నలభై ఏళ్లుంటాయి. ఊళ్లో బట్టలు కుడుతుంది. భర్త లారీ డ్రైవరు. నాగనాథ్ నన్ను ఆమె ముందు కూర్చోబెట్టి, గిర్నిలో కరెంటు వచ్చిందని చెప్పి వెళ్లిపోయాడు.

“మీరేనా కాకా రాసింది?”

“నేనే.”

“మంచిగ రాసిండ్రు. అత్త తిట్లు చదివి, మా అత్త మీకెప్పుడు కలిసిందో అనుకున్న. గని ఆఖరుకు ఏంది గట్ల రాసిండ్రు?”

బస్సులో అప్పజెప్పుకున్నదంతా ఎటు పోయిందో. ఒక్కటే వచ్చింది నోటికి.

“కోపం.”

“కోపముంటె మాట్లాడకుండ పోతది. చెంబు ఇసిరి కొట్టి పోతది. గని జాతే అనది. చచ్చినోళ్లే పోతరు కాకా. బతికున్నోళ్లు యేతే అంటరు, వస్తున్న అని. పుట్టింటికి పోయినా యేతే, నీళ్లకు బాయి కాడికి పోయినా యేతే.”

నా సాక్ష్యం తీశాను. “ఆటో అన్న జాతో అన్నడు.”

ఆమె నవ్వింది. దారం పళ్లతో కొరికింది. “రోడ్డు మీద అంటరు. మా ఆయన రోజు అంటడు, నాందేడ్ జాతో, హైదరాబాద్ జాతో అని. గడప కాడ అంటడా? ఒక్కసారి అనమనుండ్రి, లారీ తాళం దాచిపెడుత. రోడ్డు మీది మాట ఇంట్లకు తెచ్చిండ్రు మీరు. ఎక్కడ ఇన్నరు గా మాట?”

ఇప్పటి దాకా ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాను. రాజవ్వకు కూడా చెప్పలేదు. చాలా ఏళ్ల కింద ఒక పొద్దున నేను తూము దగ్గర ఉన్నాను. గట్టు కింద కూలి పనికి వచ్చినవాళ్ల గుడిసెలు ఉండేవి. ఒక గుడిసెలోంచి ఒకామె మూట నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చింది. గుమ్మం వైపు తిరిగి ఏదో అంది. లోపలి నుంచి ఎవరూ రాలేదు. కొంచెం సేపు నిలబడింది. తరువాత గట్టెక్కి, నా వైపు చూసి మళ్లీ అదే మాట అన్నట్టు పెదవులు కదిపింది. నేను దూరంగా ఉన్నాను, తూము తెరిచి ఉంది, నీళ్ల హోరు. వినబడలేదు. ఆమె ఇంకా కొంచెం సేపు నిలబడి, గట్టు వెంట వెళ్లిపోయింది. మళ్లీ కనబడలేదు. ఆమెను మరిచిపోలేకే నవల రాశాను.

రుక్మిణిబాయి సూది ఆపింది.

“ఇనవడలేదంటున్నరు. మరి జాతే అని ఎట్ల రాసిండ్రు?”

“అనుకున్న.”

“యేతే అన్నది కాకా ఆమె. మీరేమన్నరు?”

“ఏం అనలే.”

“అయ్యో. యేతే అంటె యే అనాలె. రా అని. ఇంట్ల ఎవరో ఒకరు అనాలె. అత్తకు నా మీద ఎంత కోపమున్నా, వంటింట్లనుంచైనా అంటది, యే అని. అనకుంటె కాలు ఎట్ల కదులుతది? గందుకే ఆమె నిలవడ్డది.”

నేను తల వంచుకున్నాను. ఎదురుగా ఆమె కుడుతున్న దుప్పటి మీద నీలం గళ్లు.  ఆమెను ఒప్పించడానికి వచ్చినవాణ్ణి. కాని చేతిలో వేరే మాట కూడా లేదు. ‘యేతే’ అని పెడితే, తిరిగి వస్తానని చెప్పినట్టవుతుంది. శాంతాబాయి తిరిగి రాదు. రెండు వందల పేజీలు చదివినవాడు ఆఖరికి ఆమె సంతకు పోయిందనుకుంటే నేనేం చేయాలి. ఇదే ఆమెతో అన్నాను, ముక్కలు ముక్కలుగా.

ఆమె సూదికి మళ్లీ దారం ఎక్కించింది.

“ఇగ మీ ఇష్టం. నాకు మాటలు మతికుండవు, ఎనుక నుంచి ఎవరో ఒకరు అందియ్యాలె. మీరే నిలవడుండ్రి. ఆఖరుకు మీరేది అందిస్తే అదే అంట. జాతే అంటె జాతే. మా ఆయన ఇయ్యాల రోడ్డు మీదనే ఉన్నడు. అది గూడ చెప్తున్న.”

పరదా వెనుక నిలబడటం నాకు కొత్త కాదు. పడుచుతనంలో మా ఊరి నాటకాల్లో మాట అందించేది నేనే. వేషం కట్టమంటే చెమటలు పట్టేవి. చీకట్లో కాగితం పట్టుకుని, మరిచిపోయినవాడికి మొదటి ముక్క చెవిలో పడేటట్టు అనడం మాత్రం బాగా వచ్చేది. నాటకంలో నాకు నచ్చిన చోటు అదే. అందరూ మన మాటే వింటారు, మనల్ని ఎవరూ చూడరు.

మూడింటికి జనం నిండిపోయారు. ఆడవాళ్లు ముందు, మగవాళ్లు గోడ పొడవునా. అత్త వేషం హోటలు నడిపే మారుతిది. మీసం తీయనన్నాడట. అందుకని నాటకమంతా కొంగు మూతికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. కొంగు లోపలి నుంచి వచ్చే ఆ తిట్లకు ఆడవాళ్లు పడి పడి నవ్వారు. “మీ అత్త కంటె మారుతే నయం,” అని ఒకామె పక్కామెతో అంటోంది. నాగనాథ్ శాంతాబాయి మామ. ఆయన కదిలినప్పుడల్లా కొంచెం పిండి రాలింది. నేను రాసిన మాటలు సగం తెలుగులో, సగం మరాఠీలో, వాళ్లకు ఎలా నోరు తిరిగితే అలా వస్తున్నాయి. ఒక్కొక్క చోట నేను రాసినదానికన్నా బాగున్నాయి. సంతోషంతో నాకు కాగితం మీద చోటు తప్పింది. రెండుసార్లు రుక్మిణిబాయి ఆగి, “కాకా,” అని మెల్లగా పిలిచింది. జనం నవ్వారు.

ఆఖరి ఘట్టం వచ్చింది. రుక్మిణిబాయి మూట నెత్తిన పెట్టుకుని వరండా మెట్టు మీద నిలబడింది. అదే గడప. నవ్వులు ఆగిపోయాయి. ఆమె తల కొంచెం నా వైపు తిప్పింది. దుప్పట్ల సందులోంచి ఆమె చెవి, చెవి కమ్మ కనబడుతున్నాయి. కాగితం మీద నా రాతలో ‘జాతే’ అని ఉంది. నోరు తెరిచాను. నాకు రోడ్డు మీదున్న ఆమె భర్త లారీ గుర్తొచ్చింది. ఎప్పుడూ చూడని లారీ. నా నవల పోతే పోయిందనుకున్నాను.

“యేతే,” అన్నాను.

ఆమె మారుతి వైపు తిరిగి, చాలా మామూలుగా, రోజూ అనేటట్టే అంది.

“యేతే.”

అక్కడితో అయిపోవాలి. అత్త పలకదు, శాంతాబాయి మెట్లు దిగిపోతుంది, నాగనాథ్ పరదా దించుతాడు. కాని రుక్మిణిబాయి కదలలేదు. జవాబు రాలేదు కాబట్టి ఆమెకు కాలు కదలలేదు. మారుతి నాటకం ప్రకారం బిగుసుకుని కూర్చున్నాడు, తరువాత నా వైపు చూశాడు, నేనేం చేయాలి అన్నట్టు. కాగితం మీద ఆ కింద ‘ఎవరూ పలకలేదు’ అన్నదొక్కటే ఉంది. నేనేం అందిస్తాను. జనం చూస్తున్నారు. తిరిగి వస్తానన్న మనిషి గడపలో మూటతో నిలబడింది, రమ్మనేవాళ్లు లేరు. ఆమె ఇక రాదని నాకప్పుడు తెలిసింది. నా ‘జాతే’ ఇంత గట్టిగా ఎప్పుడూ చెప్పలేదు ఆ సంగతి.

ముందు వరుసలో ఒక ముసలామె కూర్చుని ఉంది. తలకు చెంగు కప్పుకుని, కాళ్లు చాపుకుని. ఆమె నటుల వైపు కాదు, తన ఇంట్లో ఎవరో వెళ్తున్నట్టు, ఉన్నచోటి నుంచే అంది.

“యే, బాయీ. యే.”

రా తల్లీ, రా అని. ఆమె అనడం ఆలస్యం, వెనుక ఇంకొకామె అంది. తరువాత ఎంతమంది అన్నారో తెలియదు. ఒకరి తరువాత ఒకరు, గట్టిగా కాదు, ఇళ్లలో అనేటట్టే. “యే.” “యే, బాయీ.” గోడ దగ్గర మగవాళ్లు కూడా. మారుతికి ఏమైందో, కొంగు మూతి మీది నుంచి జారిపోయింది. మీసంతో సహా లేచి నిలబడి, తన మగ గొంతుతో “యే” అన్నాడు. జనం ఒక్కసారిగా నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. అప్పుడు రుక్మిణిబాయి మెట్లు దిగి, ఆడవాళ్ల మధ్య నుంచి నడిచి వెళ్లింది. వాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. నాగనాథ్ పరదా దించడం మరిచిపోయాడు.

జనం లేస్తుండగా ఆ ముసలామె పరదా వెనక్కి వచ్చింది. అందరూ ఆమెను ఆజీ అంటున్నారు, అంటే అవ్వ.

“రాసినోడివి నువ్వేనా?”

తల ఊపాను.

“ఎట్ల రాసినవ్‌రా? ఇంట్లకెళ్లి పోయే పిల్లకు ఒక్కరు గూడ జవాబియ్యకుండ ఎట్ల రాసినవ్? చేతులెట్ల వచ్చినయ్ నీకు?”

“తప్పయింది అవ్వా.”

“తప్పయింది అంటుండు,” అని ఆమె చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పి, నా చేతిలో రెండు బెల్లం ముక్కలు పెట్టి, బర్లున్నాయని వెళ్లిపోయింది. రుక్మిణిబాయి పక్కన నిలబడి భర్తతో ఫోను మాట్లాడుతోంది. “నిన్నేం తిట్టలే. నీ వేషమే లేదు గిండ్ల,” అంటోంది.

మారుతి హోటల్లో చాయ్ తాగాం. ఐదున్నరకు లేచి, ఆటో తొందరలో, “ఇగ పోత,” అన్నాను. హోటలంతా నవ్వింది. “కూసోండ్రి, కూసోండ్రి. ఊరంత నేర్పింది, రాసినాయనకు ఇంక మాట రాలే,” అని మారుతి భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఇంకో చాయ్ తాగాక, అటువైపు మగవాళ్లు ఎలా అంటారో అలా, “యేతో,” అన్నాను. పెద్దవాణ్ణి కదా, “యా” అన్నారు అందరూ. రండి అని. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పనివాణ్ణి, ఒక్క మాట అంటే ఇంతమంది పలికారు. ఆటో ఎక్కే దాకా మొహంలో నవ్వు ఆగలేదు.

మద్నూర్‌లో ఆరున్నరకు బస్సు దొరికింది. కిటికీ పక్కన, లైటు కింద కూర్చుని జేబులోని పేజీ తీశాను. ‘జాతే’ కొట్టేసి ‘యేతే’ అని రాశాను. కింద వాక్యం ముట్టుకోలేదు. “ఎవరూ పలకలేదు.” ఎన్నో ఏళ్ల కింద నేనే రాసిన వాక్యం, అర్థం మాత్రం ఆరోజే తెలిసింది. జవాబు రాసేద్దామా అని కూడా అనుకున్నాను. రాయలేదు. ఆ ఇంట్లో ఎవరూ పలకలేదన్నది నిజం. నేను పలకలేదన్నదీ నిజం. పలకాల్సింది చదివేవాళ్లు. డోంగ్లిలో ఆడవాళ్లు పలికినట్టు, ఎక్కడో ఎవరో ఆ పేజీ దగ్గర ఆగి, మనసులో ‘యే’ అనుకుంటే చాలు. ఇన్నేళ్లు గదిలో కూర్చుని రాస్తే మాట పూర్తవుతుందనుకున్నాను. సగమే అవుతుందట. మిగతా సగం కోసం బస్సెక్కాలి.

డోంగ్లి పోయేవారికి ఒక సలహా. ఆదివారం ఆరు దాటితే మద్నూర్‌కు ఆటోలు దొరకవు, కాబట్టి ఐదింటికే లేవండి. లేచేటప్పుడు ‘పోతాను’ అనకండి, ఇంకో చాయ్ తాగిస్తారు, ఆటో తప్పిపోతుంది. మీ ఊళ్లో గడప దాటే మనిషి ఏమంటారో, ఇంట్లో ఉన్నవాళ్లు ఏమని పలుకుతారో నాకు తెలుసుకోవాలని ఉంది. ఎంత చిన్న ఊరైనా సరే, ఒక్క మాటైనా సరే, ఆలస్యం చేయకుండా జవాబు రాయండి.

యేతో.